పగిలిన చోటు

ఒంటిగంటకు జవాబు చెప్పాలి. ఔననో కాదనో ఒక్క మాట. ఆ మాట కోసం, ఆల్బం చేయిస్తున్న కెర్విన్ ఆమెకు గంటసేపు గడువిచ్చి, రోగి పడుకున్న గది తలుపు వేసినట్టు చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్ళాడు. ఆర్డెల్లా టిస్‌డేల్‌కు అన్నిటికంటే ఆ చప్పుడు లేకపోవడమే కోపం తెప్పించింది. డెబ్భై ఆరేళ్ళు వచ్చాక మనిషి చుట్టూ తలుపులన్నీ మెల్లగానే పడతాయి, కుర్చీలు ఎవరో ముందే లాగి పెడతారు, మెట్టు ఎక్కబోతే మోచేతి కింద ఎవరిదో చెయ్యి పుట్టుకొస్తుంది. గొంతు ఒక్కటే ఇన్నాళ్ళూ ఎవరి ఆసరా లేకుండా నడిచింది, ఇప్పుడు దాని మోచేతి కిందికి కూడా ఒక చెయ్యి వచ్చింది. ఉదయం పాడిన పాటలో, మూడో నిమిషం దాటాక, నడిమి చరణం కొసనున్న పై స్వరం దగ్గర ఆమె గొంతు పగిలింది. పగిలిన ఆ ఒక్క స్వరాన్ని తీసేసి, నలభై రెండేళ్ళ కిందట ఇదే పాటను ఆమే పాడినప్పటి టేపులోంచి అదే స్వరాన్ని కోసి తెచ్చి అక్కడ అతికిస్తానంటాడు కెర్విన్. రెండూ మీవే కదా మిస్ ఆర్డెల్లా, మీ కోటుకు మీ పాత కోటు గుడ్డతోనే మాసిక వేసినట్టు, కుట్టు కూడా కనబడదు, అన్నాడు. ఆమె మాట లేకుండా ఆమె గొంతు మీద ఎవరూ కత్తెర పెట్టకూడదని ఒప్పందం కాగితంలో రాయించుకున్నది ఆమే కాబట్టి అడుగుతున్నాడు గాని, లేకపోతే ఈపాటికి అతికించేసే ఉండేవాడు. వద్దంటే ఈ పాటను ఆల్బంలోంచి తీసేయక తప్పదని, కంపెనీలో పైవాళ్ళు ఒప్పుకోరని, నేలకేసి చూస్తూ చెప్పాడు. ఆమెకు మిగిలిన ఆల్బం బహుశా ఇదొక్కటేనని మాత్రం అతనూ అనలేదు, ఆమె కూడా అనలేదు. అనకపోయినా ఆ మాట మైకుకూ స్టూలుకూ మధ్య మూడో మనిషిలా నిలబడే ఉంది.

దుప్పట్లు కప్పిన గోడల మధ్య, పాడే గదిలో, ఆమె తన ఎత్తు స్టూలు దిగలేదు. అద్దానికి ఆవల యంత్రాల ముందు నడీన్ వంగి కూర్చుని ఉంది, ఆ టేపు మీదే పని చేస్తూ ఉండాలి. ఇంజనీరుగా ముప్ఫై ఏళ్ళ నుంచి ఈ స్టూడియోలో అందరి గొంతులూ విని విని ఏ గొంతు గురించీ ఒక్క ముక్క అనని మనిషి. చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్లు ఆర్డెల్లా ఒళ్ళో ఉన్నాయి. వెచ్చబెట్టిన అల్లం సోడా చల్లారిపోయింది. కుట్టు కనబడదట. కుట్టు కనబడదని చెప్పినవాడెవడూ సూది పట్టినవాడు కాడు, అమ్మ అనేది. అమ్మ ఆదివారాల్లో తెల్ల చేతి తొడుగులు వేసుకుని చర్చి వాకిట్లో నిలబడి జనాన్ని వరసల్లోకి పంపేది, ఎవరి కోటు ఎక్కడ మాసిక వేశారో చూపు ఆనించకుండానే కనిపెట్టేది, కనిపెట్టి ఏమీ అనేది కాదు, వాళ్ళను కాస్త ముందు వరసలో కూర్చోబెట్టేది. ఈ పాట పాత రికార్డు వచ్చినప్పుడు, అరవై ఒకటిలో, పక్కింటి వాళ్ళ గ్రామఫోను పెట్టె మీద విన్నది అమ్మ. నిలబడే విన్నది, కోటు విప్పకుండా. నది ఆవలి దీపాల పాట. ఇవతలి ఒడ్డున నిలబడి అవతలి ఒడ్డు దీపాలు చూస్తూ, వెళ్ళిపోబోతున్న మనిషితో ఒక ఆడది మాట్లాడే పాట, ఆమెకు పియానో వాయించే లూషస్ కట్టింది, నడిమి చరణం మెట్టు మెట్టుగా ఎక్కి ఎక్కి ‘ఉండు’ అన్న ఒక్క మాట దగ్గర నడినెత్తికెక్కుతుంది. ఆ మాటను ఆనాటి ఆర్డెల్లా ఏడు తాళాల పాటు పట్టుకుని నిలిపింది. ట్రంపెట్ వాయించేవాడు వాయిద్యం దించి వాచీ చూసుకున్నాడు, అందరూ నవ్వారు, ఆ నవ్వు కూడా సన్నగా టేపులో పడింది. వినడం అయ్యాక అమ్మ ఒక్కటే అడిగింది, అంతసేపు గుప్పిట్లో పట్టుకున్నావేమే, ఎవరైనా లాక్కుపోతారనా?

ఎవరూ లాక్కుపోలేదు. అదే పోయింది. పోతున్నదని మొదట తెలిసింది ఆమెకు కాదు, లూషస్ చేతులకు. లూషస్ బ్రామ్లెట్, ఆమెకంటే రెండేళ్ళు చిన్న, యాభై ఏళ్ళుగా ఆమె వెనక పియానో ముందు కూర్చున్న మనిషి. ఆమె ఇద్దరు భర్తల కంటే ఎక్కువ కాలం ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో చూసుకున్నవాడు. అరవై తొమ్మిది చలికాలంలో ఒక రాత్రి అతను ఎత్తుకున్న శ్రుతి అరమెట్టు దిగి ఉంది. ఆమె ఏమీ అనలేదు. అతనూ అనలేదు. డెబ్భై నాలుగులో ఇంకో అరమెట్టు. ఆ తరవాత ఇంకొకటి. మొగుడి నడుము లావెక్కుతుంటే పెళ్ళాం లాగూ కుట్లు విప్పి గుట్టుగా వదులు చేసినట్టు, చేసిన సంగతి ఇద్దరికీ తెలిసీ, తెలియనట్టు లాగూ తొడుక్కుని పనికి పోయినట్టు. ఆమె చిన్నప్పుడు, ఊళ్ళో బొగ్గు కరువైన ఏళ్ళలో, వాళ్ళ ఇంట్లో మేడ మీది గదులు మూసేసి, తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కి, కింద పొయ్యి దగ్గరున్న రెండు గదుల్లోనే ఆరుగురూ చలికాలం గడిపేవాళ్ళు. ఆ గదుల్లోనే వంట, ఆ గదుల్లోనే పోట్లాట, పెద్దక్క పెళ్ళి ఖాయమైంది కూడా ఆ గదుల్లోనే. మేడ మీద ఏమున్నదని ఎవరూ బెంగపెట్టుకోలేదు. గొంతు విషయంలో మాత్రం జనం మేడ మెట్ల దగ్గరే నిలబడి పైకి చూస్తారు, ఏమమ్మా, పైన దీపం లేదే అంటారు. కింద వండిన కూర వాసన వాళ్ళ ముక్కుకు అందదు.

ఎనభై ఒకటిలో గొంతులో కణుపుల్లా లేచిన గడ్డలు కోశారు. పదకొండు నెలలు పలక మీద రాసి మాట్లాడింది, పాల సీసా కావాలని కూడా పలక మీదే. తరవాత ఎనిమిదేళ్ళు ఆసుపత్రి నేలమాళిగలో దుప్పట్లు మడతపెట్టే పని. ఆ రోజులను తలుచుకుంటే జాలిపడాలని కెర్విన్ లాంటివాళ్ళు ఎదురుచూస్తారు, రికార్డు అట్ట మీద రాసుకోవడానికి ‘చీకటి సంవత్సరాలు’ అని ఒక మాట దొరుకుతుంది. చీకటేమీ లేదు, బోలెడు ట్యూబు లైట్లు, బట్టలారబెట్టే యంత్రాలు వరసగా పదహారు. అవి అన్నీ ఒక్కసారి తిరిగితే ఒకే ఒక్క శ్రుతి పలికేవి, తంబురా మీటి వదిలేసినట్టు పొద్దస్తమానం, కిందగా, కడుపులోకి దిగేటంత కిందగా. మూడో ఏడో నాలుగో ఏడో, ఒక సోమవారం, రెండు చేతుల్లో దుప్పటి కొసలు పట్టుకుని ఉండగా, ఆ హోరుకు ఆమె నోట్లోంచి ఒక కూనిరాగం వచ్చి ఆనుకుంది. తన గొంతేనా అని వెనక్కి చూసింది. ఇసుక రాలినట్టుంది, అడుగున మాత్రం గట్టిగా ఉంది, అడుగు పెడితే మోస్తుంది. దుప్పటికి ఎదుటి కొసలు పట్టుకున్న వెర్నీస్ మడతపెట్టడం ఆపి, మళ్ళీ అనవే, నడుం నొప్పి పోయింది, అన్నది. ఆ తరవాత రోజూ అదే పని, పదహారు యంత్రాలు శ్రుతి వేసేవి, ఆమె ఆ శ్రుతి చుట్టూ తిరిగేది, అర స్వరం పైన ఏముంది, అర స్వరం కింద ఏముంది, రెంటికీ మధ్య పియానోకు మీటలు లేని ఆ సందులో ఏముంది. ఆ సందులో చాలా ఉంది. ముప్ఫై నాలుగేళ్ళ ఆర్డెల్లా ఆ సందుల మీంచి గెంతుకుంటూ పోయింది, కింద చూడలేదు, చూసే తీరిక దానికి లేదు. ఎవరు చెప్పారో ఏమో, ఒకనాడు లూషస్ టోపీ చేత్తో పట్టుకుని ఆ మాళిగ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే పిల్లా, అన్నాడు. దాచలేదు, ఉతుకుతున్నాను, అంది ఆమె.

ఆ గొంతుతో నాలుగు ఆల్బంలు. ఈ పద్నాలుగేళ్ళలో నాలుగు. వాటి గురించి రాసిన పెద్దమనుషులకు ఒక్కటే పోలిక దొరికింది, నలుగురూ కూడబలుక్కున్నట్టు: శిథిలం. శిథిల సౌందర్యం, శిథిల వైభవం, ఒకాయనైతే వెన్నెల్లో శిథిలం. ఊరి గురించి కూడా అదే రాస్తారు వాళ్ళు. పైవూళ్ళ నుంచి కెమెరాలు మెడలో వేసుకుని వస్తారు, పాత రైలు స్టేషనుకు కిటికీ అద్దాలు లేకపోవడం ఫొటో తీస్తారు, కప్పు కూలిన నాట్యశాల ఫొటో తీస్తారు, నేల మీద మంచు పడితే ఇంకా సంబరం; పక్కింట్లో పొయ్యి మీద కొల్లార్డ్ ఆకుకూర ఉడుకుతున్నదని, పిల్ల జడ అల్లించుకుంటూ ఏడుస్తున్నదని, మనుషులు ఆ వీధిలో బతికే ఉన్నారని ఒక్క ఫొటోలోనూ పడదు. శిథిలమంటే ఎవరూ కాపురముండని చోటు. ఇక్కడ నేనున్నాను. అద్దె కట్టి ఉన్నాను, పొయ్యి రాజేసి ఉన్నాను. ఈ గొంతులో ప్రతి గదిలోనూ నేను తిరుగుతున్నాను, ఏ నేలచెక్క మీద కాలు వేస్తే కిర్రుమంటుందో నాకు తెలుసు, కావాలనుకున్నప్పుడు వేస్తాను, కిర్రుమనిపిస్తాను. ఈ మాట వాళ్ళలో ఎవరి ఎదుటా ఆమె అనలేదు. థాంక్యూ అన్నది, టోపీ సర్దుకుంది. ఇప్పుడు, ఖాళీ గదిలో, దుప్పట్ల గోడలకు చెప్పుకుంటున్నది, అవి వచ్చిన మాటను వచ్చినట్టు మింగేసి తిరిగి ఏమీ ఇవ్వవు.

మరి ఉదయం ఆ చెక్క మీద కాలు వేసింది తానేనా, చెక్కే విరిగిందా? నిజం చెప్పుకో ఆర్డెల్లా, ఎవరూ లేరుగా. కెర్విన్ మంచి ఉద్దేశంతోనే ఆ పాత రికార్డు పెట్టాడు, పాడబోయే ముందు అందరూ ఆ కాలపు గాలి పీల్చాలని. అతని తొమ్మిదేళ్ళ వయసులో వాళ్ళమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తూ ఆ రికార్డు వేసుకునేదట, ఆ పై స్వరం వచ్చినప్పుడు ఇస్త్రీ పెట్టె గాలిలో ఆగిపోయేదట. నలభై దాటిన మనిషి, చెబుతుంటే కళ్ళు తడిశాయి. అతని ప్రేమ అబద్ధం కాదు. కాకపోతే అతను ప్రేమించినది ఈ గదిలో ఉన్న మనిషిని కాదు, అంతే. రికార్డు విన్నారు. లూషస్ కళ్ళు మూసుకుని విన్నాడు. తరవాత వెలుతురు తగ్గించి, నడీన్ అద్దంలోంచి చెయ్యి ఊపితే, లూషస్ చేతులు మీటల మీదికి వెళ్ళాయి, వెళ్ళి, ముప్ఫై నాలుగేళ్ళుగా వెళ్ళని చోట వాలాయి. పాత శ్రుతి. అరవై ఒకటి నాటి శ్రుతి. రెండో చుట్టుకల్లా ఆమెకు తెలిసిపోయింది. అతని వీపు బిగుసుకుంది, అంటే అతనికీ తెలిసింది. చెవిలో ఆ రికార్డు ఇంకా తిరుగుతున్న మనిషి చేతులు, అలవాటైన గుర్రం పాత సావిడికి పోయినట్టు పోయాయి. చెయ్యెత్తి ఆపవచ్చు. ఆపితే అద్దం వెనక కెర్విన్‌కు అర్థమవుతుంది, ముసలాయన ఏ శ్రుతిలో వాయించాలో మరిచిపోయాడని. రేపటికి న్యూయార్క్ నుంచి ఇంకెవరినో పియానో ముందు కూర్చోబెడతాడు, అదీ ఎంతో మర్యాదగా, తలుపు చప్పుడు కాకుండా. అందుకే ఆపలేదా? అదొక్కటే అయితే ఎంత బాగుండేది. అతని కోసం సగం; మిగతా సగం పొగరు. ఎక్కగలనా చూద్దామని. మేడ మెట్ల దగ్గర తలుపు ఎవరో తెరిచి పెట్టారు, చలిగాలి వస్తున్నది, ఎక్కింది.

మొదటి చరణం బాగుంది. రెండోది ఇంకా బాగుంది, ఎందుకంటే భయపడుతున్నది, భయం మాటలను అంచుల దగ్గర పదును పెడుతుంది. నడిమి చరణంలో ఒక్కొక్క మెట్టూ ఎక్కుతుంటే ఒక్కొక్క మెట్టూ గుర్తొచ్చింది, ఇక్కడ ఊపిరి దాచుకోవాలి, ఇక్కడ దవడ వదులు చేయాలి, రికార్డులోని ఆ పిల్ల ఇవేవీ ఎరగదు. ‘ఉండు’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి, ఆ పిల్ల దాన్ని బతిమాలుతూ పాడిందని, కొంగు పరిచి అడిగినట్టు పాడిందని, ఉన్నట్టుండి ఆర్డెల్లాకు తట్టింది, ఒళ్ళు మండింది. ఎవరిని బతిమాలేది? నది దాటి పోయేవాళ్ళందరూ పోయారు, ఇద్దరు మొగుళ్ళూ, ట్రంపెట్ వాడూ, ఒకప్పుడు తాము పాడిన హేస్టింగ్స్ వీధికి వీధే పోయింది, దాని మీద కార్లు పోయే రహదారి వేశారు. ఉండు అని ఇప్పుడెవరికైనా చెప్పాలంటే తనకే చెప్పుకోవాలి, ఆజ్ఞాపించాలి. ఆజ్ఞాపించింది. గొంతు ఆ స్వరాన్ని తాకి, తాకిన చోట నిలువునా చీలి, పక్షి పిల్ల గూట్లోంచి జారినట్టు కిందికి జారింది. పడలేదు. కాలికి ఏదో తగిలింది, నేలలాంటిది, ఎక్కడి నుంచి వచ్చిందో; దాని మీద నిలదొక్కుకుని, అదే మాటను ఇంకా కిందగా, మొరటుగా, పూర్తిచేసి, చివరి చరణం పాడింది. పాట అయ్యాక లూషస్ ఒక్క క్షణం ఆగి పియానో మూత వేశాడు. ఒక పాట తనకు సరిపోయినట్టు వస్తే మూత వేస్తాడు, ఇక ఆ రోజుకు ఆ పాట ఎవరు అడిగినా వాయించడు, ఆయన అలవాటు ఊరందరికీ తెలుసు. కెర్విన్ మైకులోంచి, ఇంకొక్కటి తీసుకుందామా సార్, అని అడిగితే, వేయించిన చేపా రొట్టే తిని వస్తాను బాబూ, అని కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

కాబట్టి ఇంకో టేకు లేదు. అతికింపుకు ఔననడం, లేదా ఈ పాటను పోగొట్టుకోవడం. ఔనంటే ఏం పోయింది? ఆ పిల్ల నువ్వు కాదా? దాన్ని పెంచింది నువ్వు, దాని కోసం ఉపవాసాలున్నది నువ్వు; పొద్దున ఏడింటికి రాత్రి షిఫ్టు దిగి వచ్చిన కార్ఖానా మనుషుల ముందు, గుడ్లూ విస్కీ ఒక్కసారే వాసన కొట్టే ఆ నేలమాళిగల్లో, బల్ల మీద నుదురు ఆనించి నిద్రపోయేవాణ్ణి కూడా లేపి కూర్చోబెట్టడానికి దాన్ని ఎగదోసింది నువ్వు. నీ కష్టంలోంచి ఒక్క క్షణం నువ్వే తెచ్చుకుంటే దొంగతనమా? కావాలని ఉంది. సిగ్గేమిటి, కావాలనే ఉంది. ఈ ఆల్బం పెట్టుకుని ఎక్కడో ఎవరో, ఈవిడ ఈ వయసులో కూడా ఎక్కింది చూడు, అనుకోవాలని ఉంది. చిన్ననాటి చర్చిలో పెద్దావిడ, మదర్ పెటిఫోర్డ్‌కు అలా ఉండేదా? తొంభై ఏళ్ళ ముసలమ్మ, కర్ర పట్టుకుని ముందుకు వచ్చేది, వాద్యాలన్నీ ఆపేవాళ్ళు. పాట ఎత్తుకుంటే రెండో పాదంలోనే గొంతు తెగేది. తెగగానే చర్చి మొత్తం, మగా ఆడా, ఒకరి వెనక ఒకరు, నిదానం తల్లీ, నిదానం, తొందర లేదు, అనేవాళ్ళు, కింది స్థాయిలో, హోరులా. ఆ హోరు మీద ఆవిడ చేతికర్ర ఆనించినట్టు గొంతు ఆనించి తరవాతి పాదానికి నడిచేది. ఆవిడ ఆగిన చోట ఇంకో గొంతుతో పూడ్చాలని ఎవరికీ తోచలేదు. ఆగిన చోటు కోసమే వచ్చేవాళ్ళు. తెల్ల తొడుగుల అమ్మ కూడా ఆ క్షణాన వాకిలి వదిలి నడవ దాకా వచ్చేది.

తలుపు చప్పుడుతో తెరుచుకుంది. లూషస్ తప్ప అంత చప్పుడు ఎవరూ చెయ్యరు. వేయించిన చేప వాసన అతని కోటు మీద. స్టూలు పక్కన గోడకు ఆనుకుని నిలబడి, టోపీ అంచు తిప్పుతూ నోరు విప్పాడు.

“పొద్దున నా చేతులు పాతింటికి వెళ్ళిపోయాయే.”

“తెలుసు.”

“ఆపచ్చుగా పిల్లా.”

“నువ్వూ ఆపచ్చుగా ముసలోడా.”

“నువ్వు ఎక్కుతున్నావు కదా, ఎక్కేవాళ్ళ కింద నిచ్చెన లాగుతామా?”

యాభై ఏళ్ళలో శ్రుతి గురించి వాళ్ళిద్దరి మధ్య పడిన మాటలు ఇవే. ఇద్దరూ నవ్వలేదు, నవ్వితే ఎక్కడ ఆగుతుందో తెలియక. కెర్విన్ అతికింపు సంగతి అతను వినే వచ్చాడు. నువ్వు ఏదంటే అదే, నా వైపు నుంచి ఒక్క ముక్క రాదు, అన్నాడు, అని గోడ గడియారం చూపించాడు.

యంత్రాల గదిలో కెర్విన్ ఆమెకు కుర్చీ లాగి పెట్టాడు. ఆమె కూర్చోలేదు. మీకు వినిపించడానికి మాత్రం అతికించి ఉంచాం, ఒక్కసారి విని చెప్పండి, వింటే మీరే ఔనంటారు, అన్నాడు. నడీన్ మీట నొక్కింది. మొదటి చరణం, రెండోది, ఇసుక రాలే గొంతు, తన గొంతు, మెట్లు ఒక్కొక్కటే, ఆ పైన, ఆ పిల్ల. అబ్బ, ఎంత అందంగా ఉంది. గాజు, సూర్యుడు, పద్దెనిమిది వాకిళ్ళున్న ఇల్లు. ఆర్డెల్లా ఛాతీ మీద ఎవరో వెచ్చటి చెయ్యి పెట్టినట్టయింది, ఔనన్న మాట నాలుక కొసకు వచ్చింది, ఆ గొంతు మోసి మోసి పెంచిన తల్లి గర్వం వచ్చింది. వచ్చి, అక్కడే తడబడింది. ఏదో లేదు. పాట కింద ఏదో లేదు. మళ్ళీ పెట్టమన్నది. నడీన్ పెట్టింది. ఆ పిల్ల గొంతు పైన వెలిగిపోతున్నది, కింద పియానో ఏదో మర్యాదగా, ఎప్పుడూ ఉండే పద్ధతిగా పలుకుతున్నది. ఉదయం అక్కడ అది లేదు. ఉదయం అక్కడ కాలికి తగిలినది ఇది కాదు.

అతికించనిది వినిపించమన్నది. గొంతు చీలింది, జారింది, జారిన సరిగ్గా ఆ క్షణాన, లూషస్ ఎడమ చేతి కింద నాలుగు మీటలు ఒక్కసారి పలికాయి, ఆ పాటలో ఏనాడూ లేని మేళవింపు, కిందగా, చీకటిగా, వెడల్పుగా. జారిన స్వరం సూటిగా వచ్చి దాని మీద పడింది, పడి, అక్కడే పడాలన్నట్టు నిలిచింది. అరక్షణం ముందు కాదు, అరక్షణం వెనక కాదు. ఆమె తనంతట తానే నిలదొక్కుకున్నాననుకుంది ఇంతసేపూ.

“ఇది ఏమయింది, అతికించినదాంట్లో?” అని ఆర్డెల్లా అడిగింది. కెర్విన్‌కు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక మొహం విచ్చుకుంది.

“అదా? లూషస్ గారి చెయ్యి అక్కడ కొంచెం తప్పుగా పడింది మిస్ ఆర్డెల్లా. పాత స్వరం పెట్టగానే రెండూ కొట్టుకున్నాయి. నడీన్ మొదటి చరణంలోని పియానో ముక్క తీసి అక్కడ వేసింది. అసలు తెలియనే తెలియదు.”

నడీన్ వెనక్కి తిరగలేదు. తలుపు దగ్గర లూషస్ తన టోపీ లోపలి అంచులో ఏదో రాసి ఉన్నట్టు చూసుకుంటున్నాడు. తప్పుగా పడింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ఉదయమంతా తన చేతులు పాతింటికి పోయాయని కుమిలిపోతున్నవాడు, వేగంగా పోయే బండిలోంచి జారిపడే మనిషిని చీకట్లో ఒంటి చేత్తో పట్టుకుంటే, దానికి పేరు తప్పు. ఆ పిల్ల గొంతు వచ్చి కూర్చుంటే, ఆ చెయ్యి తప్పు అవుతుంది. ఆర్డెల్లా లోపల ఇంతసేపు అటూ ఇటూ ఊగిన తక్కెడ ఒక్కసారిగా ఒక పక్కకు వాలి, దడేలున నేలను తాకింది, ఇక ఊగదు. కోపం రాలేదు, కోపం కంటే చల్లనిదేదో వెన్నులో నిలువుగా నిలబడింది.

“అది తప్పు కాదు నాయనా. నేను పడ్డాను, ఆయన పట్టుకున్నాడు. నేను పడలేదని నువ్వు చెప్తే, ఆయన చెయ్యి గాలిలో ఊరికే ఊగినట్టే కదా.”

కెర్విన్ లూషస్ వైపు చూశాడు, చూసి, మీకు నొప్పి కలిగించాలని కాదు సార్ అని ఏదో గొణిగాడు. లూషస్ పర్లేదు బాబూ అన్నట్టు తల ఊపాడు, ఆ తల ఊపడం చూడలేక ఆర్డెల్లా ఇంకో అడుగు ముందుకు వేసింది. అతికింపు లేదు, అంది. పాట ఉంటుంది, అంది. కంపెనీ వాళ్ళు ఒప్పుకోరని అతను మళ్ళీ మొదలుపెడితే, నా మాట లేనిదే మిగతా ఎనిమిది పాటలు కూడా కదలవని కాగితంలో ఉంది, వాళ్ళకు చదివి వినిపించు, తీరిగ్గా వినిపించు, నాకు ఇవాళ వేరే పనేమీ లేదు, అంది. అతను చేతులతో మొహం రుద్దుకున్నాడు. దుర్మార్గుడు కాడు పాపం, అతను అడ్డుపడుతున్నది వాళ్ళమ్మ ఇస్త్రీ పెట్టె కోసం. చివరికి బేరానికి దిగాడు. ఆల్బం చివర పెడదాం, అట్టడుగున, తొమ్మిదో పాటగా. అక్కడిదాకా వినేవాళ్ళు ఎలాగూ మీ మనుషులే, వాళ్ళు అర్థం చేసుకుంటారు.

“మొదట పెట్టు.”

“మిస్ ఆర్డెల్లా, మొదటి పాటలోనే గొంతు అలా అయితే, కొనేవాళ్ళు అక్కడే ఆపేస్తారండీ.”

“ఆపేసేవాళ్ళను ఆపేయనీ. తలుపు తీయగానే తెలియాలి ఎవరింటికి వచ్చారో. ఆ రికార్డు ఆవిడ లేదిక్కడ, ఆవిడ ఇల్లు మారిపోయింది. ఇక్కడ ఉంటున్నది నేను.”

ముప్ఫై ఏళ్ళలో ఏ గొంతు గురించీ ఒక్క ముక్క అనని నడీన్, ఇప్పుడూ ఏమీ అనకుండానే, ఎవరినీ అడక్కుండానే, అతికించిన టేకు పేరు మీద వేలు పెట్టి తెర మీంచి తుడిచేసింది. ఉదయం నాటిదాన్ని మొదటి నుంచీ పెట్టింది, ధ్వని కాస్త పెంచి. ఆర్డెల్లా కుర్చీ వీపు కూడా పట్టుకోకుండా నిలబడే విన్నది. మొదటి చరణం, రెండోది, మెట్లు. పై మెట్టు వస్తున్నకొద్దీ కెర్విన్ చూపు తన చెప్పుల మీదికి దిగింది, పెద్దవాళ్ళు తూలితే మర్యాద తెలిసినవాళ్ళు తల తిప్పుకున్నట్టు.

“తలెత్తు,” అంది ఆమె. “చూస్తూ విను.”

అతను తలెత్తాడు. గొంతు చీలింది.